బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఇంజిన్ ఆయిల్ పోశారు: తీసేసి కొత్తది పోస్తే సరిపోతుందా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. ఖమ్మంలో మీ నాన్నగారు డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బ్రేక్ లైటు చూశారు. బానెట్ ఎత్తి, సర్వీసింగ్‌లో మిగిలిన ఇంజిన్ ఆయిల్ ఓ టీ గ్లాసుడు బ్రేక్ ఆయిల్ డబ్బాలో పోశారు. రైతుబజారుకు వెళ్లి వచ్చారు, రానూపోనూ ఆరు కిలోమీటర్లు. బ్రేకులు మామూలుగానే పడుతున్నాయి. మీ వీధి మెకానిక్ "పాతది లాగేసి కొత్తది పోసి ఎయిర్ తీస్తే చాలు" అంటున్నాడు. ఎయిర్ తీయడమంటే పైపుల్లోని గాలి బుడగలను ద్రవంతోపాటు చక్రాల దగ్గర బయటికి పంపడం. బండికి ఏబీఎస్ ఉంది, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. అది సరిపోతుందా అని మీ ప్రశ్న.

సరిపోదండీ. ముందు మూడు పనులు: బండి కదపకండి. బ్రేక్ పెడల్ తొక్కకండి. ఆ మెకానిక్‌ని ఎయిర్ తీయనివ్వకండి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకో కింద చెప్తాను. ఇంజిన్ ఆయిల్ తగిలిన ప్రతి రబ్బరు ముక్కా మారాల్సిందే. ఎంత దూరం వెళ్లిందన్నదాన్ని బట్టే మీ ఖర్చు. పెడల్ తొక్కితే ప్రెషర్ పుట్టించే మాస్టర్ సిలిండర్ దగ్గరే ఆగితే కొన్ని వేలతో బయటపడతారు. చక్రాల దాకా దిగితే కాలిపర్లు (డిస్క్ మీదికి ప్యాడ్లను నొక్కేవి), వెనక వీల్ సిలిండర్లు (డ్రమ్ము బ్రేకులను నొక్కేవి), హోస్ పైపులు (వంగే రబ్బరు గొట్టాలు), చివరికి ఏబీఎస్ యూనిట్ కూడా లెక్కలోకి వస్తాయి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా బ్రేకుల పనే చేస్తున్నాను. ఈ తప్పు ఏడాదికి నాలుగైదు సార్లయినా మా షెడ్డుకు వస్తుంది. పోసినవాళ్లలో చదువుకున్నవాళ్లున్నారు, పాతికేళ్ల అనుభవమున్న డ్రైవర్లున్నారు. కాబట్టి నాన్నగారిని ఏమీ అనకండి. అసలు తప్పు మనం పెట్టుకున్న పేరులో ఉంది. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, స్టీరింగ్ ఆయిల్, అదే వరసలో బ్రేక్ ఆయిల్. మొదటి మూడూ నిజంగా నూనెలే. నాలుగోది మాత్రం నూనె కాదు. అది గ్లైకాల్ ఈథర్ అనే రసాయనంతో చేసిన ద్రవం. నీళ్లలో వేస్తే కలిసిపోతుంది, చేతికి అంటితే కుళాయి కింద కడిగితే పోతుంది. నూనె అలా పోతుందా? నేనూ కౌంటర్లో "బ్రేక్ ఆయిల్" అనే అంటాను, ఇక్కడా అలాగే రాస్తాను, లేకపోతే ఎవరికీ అర్థం కాదు. పని చేసేటప్పుడు మాత్రం ఇది నూనె కాదని గుర్తుంచుకోవాలి.

మా షెడ్డులో అల్మరా మీద రెండు హార్లిక్స్ సీసాలుంటాయి. ఒకదాంట్లో బ్రేక్ ఆయిల్, ఇంకోదాంట్లో ఇంజిన్ ఆయిల్. రెండిట్లోనూ ఒకే ప్యాకెట్‌లోంచి తీసిన మాస్టర్ సిలిండర్ రబ్బరు కప్పులు ఒక్కొక్కటి వేశాను. బ్రేక్ ఆయిల్లోది ఇవాళ తీసి బిగించినా సరిగ్గా కూర్చుంటుంది. ఇంజిన్ ఆయిల్లోది నానబెట్టిన శనగలా ఉబ్బింది. అంచు పలచగా, పదునుగా ఉండాల్సింది మొద్దుబారింది. గోరుతో నొక్కితే లొట్ట పడి అలాగే ఉండిపోతుంది. నమ్మని కస్టమర్ చేతిలో ఆ రెండూ పెడతాను. ఆ తర్వాత ఇక వాదన ఉండదు.

కారణం ఏమిటంటే, బ్రేకుల్లో వాడే రబ్బరు ఎక్కువగా ఈపీడీఎం అనే కృత్రిమ రకం. గ్లైకాల్‌కు అది ఏళ్ల తరబడి తట్టుకుంటుంది. పెట్రోలియం నూనె తగిలితే మాత్రం స్పాంజిలా పీల్చుకుని ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బింది మళ్లీ మామూలు కాదు. ఎంత కడిగినా అంతే.

"మరి ఇప్పుడు బ్రేకులు బాగానే పడుతున్నాయి కదా" అని మీరన్నారు. పడతాయి. ఈ తప్పులో మోసం అక్కడే ఉంది. మొదట్లో బ్రేక్ పడకపోవడం కాదు, పడింది వదలకపోవడం జరుగుతుంది. మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ వెనక్కి వచ్చినప్పుడు దాని ముందు ఒక సన్నటి రంధ్రం తెరుచుకుంటుంది, గుండుసూది పట్టేంత. పైపుల్లో మిగిలిన ప్రెషర్ దాంట్లోంచే డబ్బాలోకి తిరిగి వస్తుంది. కొత్త బండ్లలో కొన్నిటికి రంధ్రం బదులు చిన్న వాల్వ్ ఉంటుంది, చేసే పని అదే. రబ్బరు కప్పు ఉబ్బితే ఆ రంధ్రాన్ని మూసేస్తుంది. ఇక లోపలి ప్రెషర్‌కు దారి ఉండదు. ప్యాడ్లు డిస్క్‌ను రాసుకుంటూనే ఉంటాయి, దాంతో వేడి పుడుతుంది, వేడికి ద్రవం వ్యాకోచించి ప్యాడ్లను ఇంకా గట్టిగా నొక్కుతుంది. పెడల్ తొక్కకుండానే బ్రేకు తనంతట తాను పడిపోతుందన్నమాట.

ఓ వేసవిలో గుంటూరు నుంచి తిరుపతి బయలుదేరిన కుటుంబం ఒకటి ఒంగోలు దాటాక హైవే మీద ఇలాగే ఆగింది. ముందు రెండు చక్రాల్లోంచీ పొగ. వాళ్ల డ్రైవర్‌కి నా నంబరు తెలిసి ఫోన్ చేశాడు. బండి చల్లారాక స్పానర్‌తో ముందు చక్రం బ్లీడింగ్ నిపుల్ (ద్రవం, గాలి బయటికి వదిలే చిన్న మర) కొంచెం వదులు చేయమన్నాను. చుయ్యిమని చిమ్మింది, చక్రం ఫ్రీ అయింది. అంటే లోపల ప్రెషర్ ఇరుక్కుపోయింది. డబ్బాలో ఏమైనా పోశావా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. బయలుదేరే ముందు రోజు లెవెల్ తక్కువుందని స్టీరింగ్ ఆయిల్ పోశాడట. రెండూ ఆయిలే కదా సార్ అన్నాడు. ఒక్క రాత్రీ, ఆపైన నూటపాతిక కిలోమీటర్లూ, అంతే పట్టింది. ఆ బండిని అక్కడి నుంచి రికవరీ వ్యాన్ మీదే తెప్పించాం. నిపుల్ వదులు చేసి తిరుపతి దాకా వెళ్లిపోదామని అతను అడిగాడు కూడా. పిల్లలున్న బండి, నేను ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఎయిర్ తీయనివ్వకండి అని ఎందుకన్నానో చెప్తాను. ఇంజిన్‌లో ఆయిల్ తిరిగినట్టు బ్రేక్ ఆయిల్ సిస్టమ్‌లో చుట్టూ తిరగదు. పెడల్ తొక్కినప్పుడు కొంచెం ముందుకు, వదిలితే కొంచెం వెనక్కి, ఉన్నచోటే ఊగుతూ ఉంటుంది. పైగా ఇంజిన్ ఆయిల్ తేలిక, బ్రేక్ ఆయిల్ బరువు. పోసింది డబ్బాలో పైనే తేలుతుంది. ఆరు కిలోమీటర్ల కుదుపుకి కొంత కలిసి మాస్టర్ సిలిండర్‌లోకి దిగి ఉంటుంది, అక్కడ అనుమానం లేదు. కానీ పైపుల్లోకి, చక్రాల దాకా ఇంకా చేరకపోయి ఉండొచ్చు. ఇలాంటప్పుడు ఒకాయన పెడల్ పంపు చేస్తుంటే ఇంకొకాయన నిపుల్ విప్పి ఎయిర్ తీస్తే ఏమవుతుంది? పైన ఉన్న నూనెనంతా మనమే చేతులారా ఏబీఎస్ యూనిట్ గుండా నాలుగు చక్రాలకూ పంపిణీ చేసినట్టు. వేలల్లో పోయేదాన్ని లక్ష దగ్గరికి తీసుకెళ్లే పని అది. మీ మెకానిక్ చెడ్డవాడని కాదు. మామూలు రోజుల్లో బ్రేక్ ఆయిల్ మార్చే పద్ధతి అదే, అలవాటు కొద్దీ చెప్పాడు.

నేనైతే ఈ వరసలో చేస్తాను. ముందు పెద్ద సిరంజితో డబ్బాలోది మొత్తం లాగేస్తాను. అది పారబోయను, పారదర్శకంగా ఉన్న సీసాలో ఉంచుతాను. తర్వాత డబ్బాను మాస్టర్ సిలిండర్ నుంచి వేరు చేస్తాను, పైపులు విప్పి మాస్టర్ సిలిండర్ బయటికి తీస్తాను. ఈ లోపు పెడల్ మీద ఎవరి కాలూ పడకూడదు. పెడల్ కింద చెక్కముక్క అడ్డం పెట్టి, స్టీరింగ్‌కి "బ్రేక్ తొక్కొద్దు" అని అట్టముక్క కడతాను. విప్పిన ప్రతి పైపు నోట్లోంచి చెంచాడు ద్రవం వేరువేరు సీసాల్లో పట్టుకుంటాను.

అసలు పరీక్ష అప్పుడే. సీసాలో సగం నీళ్లు పోసి, మూత పెట్టి బాగా ఊపి పది నిమిషాలు వదిలేయాలి. బ్రేక్ ఆయిల్ ఒక్కటే అయితే నీళ్లలో పూర్తిగా కలిసిపోతుంది. నూనె ఉంటే పైన పొర కడుతుంది, లేదా చారు మీద పోపు నూనెలా చుక్కలు చుక్కలుగా తేలుతుంది. రంగు చూసి నిర్ణయించకండి. కొత్త ఇంజిన్ ఆయిల్, కొత్త బ్రేక్ ఆయిల్ పక్కపక్కన పెడితే నాకే తేడా తెలియదు.

ఇంకో గుర్తు డబ్బా మూతలోనే ఉంటుంది. మూత లోపలి రబ్బరు డయాఫ్రం చూడండి. అది బయటికి తీశాక అలలు అలలుగా వంకర తిరిగి, మళ్లీ మూతలో కూర్చోనని మొరాయిస్తుంటే నూనె పని మొదలుపెట్టినట్టే. ఈ ఒక్కటీ మీరే ఇంటి దగ్గర చూడొచ్చు, పెడల్ జోలికి పోనక్కర్లేదు. కానీ అది బాగుందని లోపలివీ బాగున్నాయనుకోకండి. కొన్ని బండ్లలో ఆ డయాఫ్రం దాకా ద్రవం తగలనే తగలదు.

పైపుల నోట్లోంచి పట్టిన చెంచాలు శుభ్రంగా ఉంటే నేను మార్చేవి: మాస్టర్ సిలిండర్ పూర్తిగా, డబ్బా, దాని కింది గ్రమ్మెట్లు (రబ్బరు వలయాలు), మూత. లోపలి రబ్బర్ల కిట్ ఒక్కటే వేసి సరిపెట్టను. డబ్బాను సబ్బునీళ్లతో కడిగి మళ్లీ వాడొచ్చు కదా అంటారు. ఇరవై ఏళ్ల క్రితం నేనూ కడిగి వాడాను. లోపల అరలుండే డబ్బాల్లో మూలకు ఓ చుక్క మిగిలినా కొత్త రబ్బరు పాడవుతుంది, దానికోసం పని రెండోసారి చేయడం దండగ.

ఒక్క చెంచాలో నూనె కనిపించినా అన్నీ మారాలి. ముందు కాలిపర్ల సీళ్లు, డస్ట్ బూట్లు (దుమ్ము పడకుండా కప్పే రబ్బరు తొడుగులు), వెనక డ్రమ్ములైతే వీల్ సిలిండర్లు, నాలుగు హోస్ పైపులు. ఇనుప పైపులకు ఏమీ కాదు, బ్రేక్ క్లీనర్ స్ప్రేతో కడిగి, గాలి కొట్టి ఆరబెడితే చాలు. ఏబీఎస్ యూనిట్ లోపల చిన్నచిన్న వాల్వులూ సీళ్లూ ఉంటాయి, దాన్ని విప్పి రబ్బర్లు మార్చే పని మన షెడ్డుల్లో జరిగేది కాదు. యూనిట్ మొత్తం మార్చాలంటే పదుల వేలు. కొత్తది వేసినా బండి కంప్యూటర్‌కి తగిలించే స్కానర్ పెట్టి వాల్వులను ఆడిస్తూ ఎయిర్ తీయాలి. స్కానర్ లేని షెడ్డులో ఆ పని చేయించకండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళితే పరీక్షలతో పని లేకుండా మొత్తం మార్చాలనే చెప్తారు. వాళ్లను నేను తప్పుపట్టను, బ్రేకుల విషయంలో ఆ మాట అనే హక్కు వాళ్లకుంది. డబ్బుకు ఇబ్బంది లేకపోతే అదే చేయించుకోండి.

సగం పని చేయిస్తే ఏమవుతుందో ఒక గూడ్స్ ఆటో ఓనర్ దగ్గర చూశాను. మామిడికాయల సీజన్, బండి ఆగితే కిరాయి పోతుందని ఆయన తొందర. క్లీనర్ కుర్రాడు పాత ఇంజిన్ ఆయిల్ పోశాడు. నీళ్ల పరీక్షలో వెనక చక్రాల్లో కూడా నూనె తేలింది. అన్నీ మార్చాలన్నాను. "మాస్టర్ కిట్ ఒక్కటి వెయ్యి బాబాయ్, మిగతావి సీజన్ అయ్యాక చూద్దాం" అని బతిమాలాడు. వేయనన్నాను. వేరేచోట వేయించుకున్నాడు. పదిరోజులకు వెనక డ్రమ్ముల్లో బ్రేకులు పట్టేసి లైనింగ్ కాలిపోయింది. అక్కడి ద్రవం మెల్లగా వెనక్కి వచ్చి కొత్త మాస్టర్ కిట్‌ని కూడా ఉబ్బించింది. చివరికి నా దగ్గరికే తెచ్చాడు. మొదటే చేయించుకుంటే అయ్యేదానికి రెండింతలు పైగా అయింది, సీజన్ ఎలాగూ పోయింది.

మీరు అడగకపోయినా ఒక సంగతి చూడండి. మీ బండికి హైడ్రాలిక్ క్లచ్ (తీగతో కాకుండా ద్రవంతో పనిచేసేది) ఉందా? చాలా కార్లలో క్లచ్‌కి వేరే డబ్బా ఉండదు, బ్రేక్ డబ్బా పక్క నుంచే సన్నని రబ్బరు ట్యూబు క్లచ్ మాస్టర్ సిలిండర్‌కి వెళ్తుంది. అలా ఉంటే క్లచ్ వైపు కూడా నూనె దిగి ఉండొచ్చు. చాలామంది బ్రేకులన్నీ మార్చి దీన్ని మర్చిపోతారు, రెండు నెలలకు క్లచ్ పెడల్ కింద కారడం మొదలవుతుంది.

ఇక పోసిన ప్రతి తప్పుడు ద్రవానికీ ఇంత శిక్ష లేదు. బ్రేక్ ఆయిల్ రకాలను డాట్ నంబర్లతో పిలుస్తారు. డాట్ 3 ఉన్నచోట డాట్ 4 పోస్తే ఏ నష్టమూ లేదు, రెండూ ఒకే జాతి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి, డాట్ 4 కనీసం 230 దాకా. తేడా అదే. డాట్ 4 అడిగిన బండిలో డాట్ 3 పోస్తే రబ్బర్లు బాగానే ఉంటాయి, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మరిగే ప్రమాదం ఎక్కువ, కాబట్టి మార్పించండి. డాట్ 5.1 కూడా ఈ జాతిదే. డాట్ 5 మాత్రం సిలికాన్, పేరు దగ్గరగా ఉన్నా వీటితో కలవదు, ఏబీఎస్ బండ్లకు పనికిరాదు. మన దగ్గర షాపుల్లో అరుదు, ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు చుక్క పక్కన ఒకటి ఉందా లేదా చూసుకోండి.

నీళ్లు పోశారంటే కంగారు పడక్కర్లేదు. రబ్బరుకు ఏమీ కాదు. లోపల తుప్పు పడుతుంది, వేడికి నీళ్లు ఆవిరై పెడల్ కిందికి పోతుంది. నడపకుండా వెంటనే పాతది మొత్తం పోయేలా ఫ్లష్ చేయిస్తే సరి. పూర్వం లారీ, జీపు డ్రైవర్లు అడవి దారిలో బ్రేక్ ఆయిల్ కారిపోతే సబ్బునీళ్లు పోసి మెల్లగా ఊరు చేరేవాళ్లని మా గురువుగారు చెప్పేవారు. చేయమని చెప్పడం లేదు. నూనె కంటే నీళ్లే నయమని ఆ పెద్దవాళ్లకు తెలుసని చెప్తున్నాను. ఆ రోజుల్లో ఆముదం, ఆల్కహాల్ కలిపిన ద్రవాన్ని బ్రేకుల్లో వాడేవారన్న మాట కూడా నిజమే. ఆముదం అప్పటి సహజ రబ్బరును ఉబ్బించేది కాదు. ఇప్పటికీ బ్రేక్ రబ్బర్లకు రాసే ఎర్ర గ్రీజు ఆముదంతో చేసిందే. అలాగని ఇంట్లో ఆముదం తెచ్చి పోయకండి మహానుభావా, ఒకాయన నన్ను నిజంగానే అడిగాడు.

దీనికి తిరగబడిన కేసు కూడా ఉంది. జేసీబీ లాంటి యంత్రాల బ్రేకుల్లో మినరల్ ఆయిలే వాడతారు, వాటి రబ్బర్లు వేరే రకం. అక్కడ మన డాట్ 4 పోస్తే అవి పాడవుతాయి. డబ్బా మూత మీద ఏం రాసుందో అదే పోయాలి, ఏ బండికైనా.

మెకానిక్ సోదరులు కూడా దీన్ని చదువుతారు కాబట్టి ఒక మాట. ఎవరూ ఏమీ పోయకపోయినా బ్రేక్ రబ్బర్లు ఉబ్బిన బండ్లు నా దగ్గరికి వస్తాయి. ఆరా తీస్తే ఎక్కడో మాస్టర్ సిలిండర్ విప్పి పెట్రోల్‌తోనో కిరోసిన్‌తోనో కడిగి ఉంటారు. లేదా కాలిపర్ పిన్నులకు బేరింగ్ గ్రీజు రాసి ఉంటారు. అది కూడా ఇంజిన్ ఆయిల్ పోసినట్టే, కాకపోతే మెల్లగా చంపుతుంది. కడగడానికి బ్రేక్ క్లీనరో కొత్త బ్రేక్ ఆయిలో వాడండి. ఇంజిన్ ఆయిల్ పోసిన గరాటుతో బ్రేక్ ఆయిల్ పోయకండి. మా కుర్రాళ్లకు బ్రేక్ గరాటు ఎరుపు, దాన్ని వేరే పనికి ముట్టుకుంటే ఆ రోజు టీ వాళ్ల ఖర్చే.

మళ్లీ మీ బండికి వస్తే, అసలు ఆ ఎర్ర లైటు ఎందుకు వెలిగింది? దీన్ని ఎవరూ అడగలేదు. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించకపోయినా వెలుగుతుంది. అది కాకపోతే డబ్బాలో లెవెల్ తగ్గి ఉండాలి. బ్రేక్ ఆయిల్ ఖర్చయ్యే వస్తువు కాదు. ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్ పిస్టన్ బయటికి వస్తుంది, ఆ ఖాళీలోకి ద్రవం దిగుతుంది, డబ్బాలో లెవెల్ తగ్గుతుంది. లేదా ఎక్కడో కారుతోంది. అంటే ఆ లైటు ఆయిల్ పోయమని అడగలేదు, ప్యాడ్లు చూడమనో లీకు వెతకమనో చెప్పింది. పని మొదలుపెట్టేటప్పుడే ప్యాడ్ల మందం, చక్రాల లోపలివైపు తడి చూడమనండి. సరైన ద్రవం పోసి ఉన్నా ఆ కారణం అలాగే ఉండేది.

బండిని షెడ్డుకు తీసుకెళ్లేటప్పుడు తాడు కట్టి లాగించకండి, వెనక బండిలో కూర్చున్నవాళ్లు బ్రేక్ తొక్కక తప్పదు. ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించండి, ఎక్కించేటప్పుడు ఆపడానికి హ్యాండ్‌బ్రేక్ వాడండి. మీ బండికి వెనక హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌తో పనిచేసేదైతే ఈ నూనెతో దానికి సంబంధం లేదు. తీసిన బ్రేక్ ఆయిల్ పెయింట్ మీద పడితే రంగు లేచిపోతుంది, పడిన వెంటనే నీళ్లు పోసి కడిగేయాలి. దాన్ని కూల్‌డ్రింక్ సీసాల్లో ఉంచొద్దు, విషం.

పని అయ్యాక బండి తీసుకునే రోజు పది కిలోమీటర్లు నడిపి ఆపండి. చేతి వెనక భాగం ఒక్కో చక్రం దగ్గరగా పెట్టి చూడండి, ముట్టుకోవద్దు. ముందు రెండూ ఒకేలా వేడిగా, వెనక రెండూ ఒకేలా ఉండాలి. ఒక్కటి మిగతావాటికంటే కాలుతుంటే ఇంటికి కాదు, తిరిగి షెడ్డుకే. పెడల్ ఎత్తు చూసుకోండి, వారం తర్వాత ఇంకా పైకి వచ్చి గట్టిపడితే లోపల ఎక్కడో నూనె మిగిలింది. నెల తర్వాత డబ్బాలోంచి ఒక చెంచా తీసి మళ్లీ నీళ్ల పరీక్ష చేయండి. ఈ లోపు మూత డయాఫ్రం ఫోటో, క్లచ్ ట్యూబు డబ్బాకి తగిలి ఉందో లేదో తెలిసేలా ఇంకో ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.